దక్కను డెర్బీ

మా చర్ల ప్రాంతమున పందెపు గుఱ్ఱమును కన్నులార చూచినవారు అరుదు. అయినను హైదరాబాదు వార్తలలో దక్కను డెర్బీ పేరు మనకును వినవచ్చుచుండును. కావున దాని పుట్టుపూర్వోత్తరములను సోదరీమణులకు తెలుపుచున్నాము.

ఇట్టి పందెములకు పుట్టినిల్లు ఇంగ్లండులోని ఎప్సమ్. అచ్చట 1779లో మూడేండ్ల ఆడుగుఱ్ఱములకే ఓక్స్ అను పందెమును నెలకొల్పిరి. డెర్బీ మఱుసటి యేడు, 1780లో మొదలయ్యెను. అనగా ఆడుగుఱ్ఱముల పందెమే అక్క! డెర్బీలోను మూడేండ్ల జాతిగుఱ్ఱములకే ప్రవేశము. ఏ గుఱ్ఱమునకైనను ఆ యవకాశము జన్మమున కొక్కసారియే. మగగుఱ్ఱములతో పోటీపడు ఆడుగుఱ్ఱమునకు మోయు బరువు కొంత తగ్గింతురు.

హైదరాబాదులో 1868లో మౌలాలియందు పందెములు జరిగెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను 1886లో వానిని మలకుపేటకు మార్పించెను. దక్కను డెర్బీ అచ్చటనే, వాడుకగా గాంధీజయంతినాడు, 2,000 మీటర్ల దూరము జరుగును.

ఇది జూదమా? చెన్నపట్టణపు పందెముల వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1996లో ఇది నేర్పు ప్రధానమైన క్రీడయని తీర్పు చెప్పినది. చట్టము మాట యట్లుండ, ఇంటి సొమ్ము పణమొడ్డినచో నేమగునో ధర్మరాజు కథ మనకు నేర్పియే యున్నది. పరుగును చూచి యానందింపుడు. బియ్యపు డబ్బును మాత్రము పందెమునకు పోనీయకుడు. ఓడిన గుఱ్ఱమునకు ఆ సాయంకాలము దాణా తప్పక దొరకును. ఓడినవాని బిడ్డలకు అన్నము దొరకునని మేము చెప్పజాలము.