పరీక్షలో 45 డిగ్రీలు.. ఇసుకలో 23!

కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు.. ఈ మెట్ట ప్రాంతంలో ఖాకీ కొలువు మీద ఆశ పెట్టుకున్న యువతకు కొదవ లేదు. పొద్దున గ్రౌండు, రాత్రి పుస్తకం. రెండింటికీ సంబంధం లేదనుకుంటారు చాలామంది. కానీ ఇంటర్‌లో చదివి వదిలేసిన ‘ప్రక్షేపకం’ పాఠం లాంగ్ జంప్‌లో గట్టెక్కిస్తుంది!

లక్ష్యం ఎంత?

2022 నవంబరులో వచ్చిన ఏపీ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో లాంగ్ జంప్ అబ్బాయిలకు 3.80 మీటర్లు, అమ్మాయిలకు 2.75 మీటర్లు. వంద మీటర్ల పరుగుకు 15, 18 సెకన్ల గడువు. కొత్త నోటిఫికేషన్ వచ్చాక అంకెలు మరోసారి సరిచూసుకోండి.

లెక్క ఇదీ..

నేల వదిలాక మన శరీరమూ విసిరిన రాయి లాంటిదే. ముందుకు వెళ్లే వేగం దాదాపు మారదు. పైకి లేచే వేగాన్ని మాత్రం గురుత్వాకర్షణ ప్రతి సెకనుకూ 9.8 మీ/సె చొప్పున తగ్గిస్తుంది.

వంద మీటర్లు 15 సెకన్లలో పరిగెత్తితే సగటు వేగం సెకనుకు 6.67 మీటర్లు. అదే వేగంతో 3.80 మీటర్లు దాటాలంటే గాల్లో 0.57 సెకను ఉండాలి. అందుకు పైకి సెకనుకు 2.8 మీటర్ల వేగం కావాలి. అప్పుడు ఎగిరే కోణం సుమారు 23 డిగ్రీలు. అమ్మాయిల లెక్క కట్టినా దాదాపు ఇంతే వస్తుంది. దిగేటప్పుడు శరీరం కిందికి వంగి, కాళ్లు ముందుకు చాపుతాం కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువైనా చాలు.

మరి 45 డిగ్రీలు? ఆ కోణంలో 3.80 మీటర్లు దూకాలంటే శరీరం 95 సెంటీమీటర్లు పైకి లేవాలి. పరుగు మీద పాదం నేలను తాకేది సెకనులో పదో వంతు సేపే. అంతలో అంత ఎత్తు ఎగరడం చాలా కష్టం. ఎత్తు కోసం పరుగు తగ్గిస్తే దూరమూ తగ్గుతుంది.

సాధనలో..

* ముందు పరుగు వేగం పెంచండి. బోర్డు దగ్గర అడుగులు తడబడితే వేగమంతా వృథా.
* ఎన్ని అడుగులకు బోర్డు అందుతుందో కొలిచి గుర్తు పెట్టుకోండి. గీత దాటితే ఫౌల్.
* దిగాక వెనక్కి పడొద్దు. ఇసుకలో బోర్డుకు దగ్గరగా పడిన గుర్తు నుంచే కొలుస్తారు. వెనక చెయ్యి ఆనినా ఆ మేరకు దూరం పోయినట్టే.

రాత పరీక్షలో..

* తొలివేగం మారకుండా, విసిరిన మట్టానికే తిరిగి చేరితే గరిష్ఠ వ్యాప్తి 45 డిగ్రీల వద్దే.
* 30, 60 డిగ్రీలకు వ్యాప్తి సమానం. రెండు కోణాల మొత్తం 90 అయితే చాలు.
* గరిష్ఠ ఎత్తులో వేగం సున్నా కాదు. నిలువు వేగం మాత్రమే సున్నా. చాలామంది తప్పు పెట్టేది ఇక్కడే!

పుస్తకంలో తొలివేగం మారదు, కోణం మన ఇష్టం. గ్రౌండులో కోణం పెంచితే వేగం పడిపోతుంది. ఈ తేడా తెలిస్తే రాత పరీక్షలో మార్కు, ఇసుకలో దూరం రెండూ మీవే.