గాయకదంపతులు: ఏ. ఎం. రాజా, జిక్కి

మన సుల్తానాబాదులో పెండ్లి జరుగునప్పుడు మైకులో తప్పక వినవచ్చు పాట యొకటి కలదు. 2001వ సంవత్సరమున వెలువడిన 'మురారి' చిత్రములోని సీతారాముల పెండ్లిపాట యది. మా విద్యార్థులలో దానిని ఎఱుగని వారు లేరు. కాని ఆ పాటలో వినవచ్చు కంఠములలో నొకటి అఱువదేండ్లు దాటిన వృద్ధురాలిదని చెప్పినప్పుడు తరగతిలో నెవ్వరును నమ్మలేదు. ఆమె పేరు జిక్కి. ఆమెయు, ఆమె భర్తయగు ఏ. ఎం. రాజాయు దక్షిణదేశపు గాయకులలో మిక్కిలి ప్రసిద్ధి గాంచిన దంపతులు. వారి గానజీవితములోని ముఖ్యఘట్టములను, వాని వలన మనము నేర్వదగిన దానిని ఈ వ్యాసమున వివరింప దలచితిని.

మొదట నేపథ్యగాన మన నేమో తెలిసికొనవలయును. తొలినాళ్ల చిత్రములలో నటీనటులు తమ పాటలను తామే పాడుకొనుచుండిరి. నటన తెలిసిన వారికెల్ల గానము రాదు. పాడగలిగిన వారెల్ల నటింపలేరు. అందువలన పాటను ముందుగా గాయకులచే పాడించి ముద్రించి, చిత్రము తీయునప్పుడు దానిని వినిపింపగా నటులు పెదవులు కదపు పద్ధతి వచ్చెను. గాయకుని ముఖము తెరపై కనబడదు. తన శ్రమకు మెప్పు మఱియొకని ముఖమునకు దక్కుచుండగా, శ్రద్ధతో పాడుటే వాని వృత్తిధర్మము.

జిక్కి అసలు పేరు పిల్లవాలు గజపతి కృష్ణవేణి. ఆమె 1935లో చంద్రగిరిలో జన్మించెను. 1943లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన 'పంతులమ్మ' చిత్రములో బాలనటిగా నొక చిన్నపాత్ర ధరించెను. 1948లో వచ్చిన 'జ్ఞానసౌందరి' యను తమిళ చిత్రములో మరియమ్మ నుద్దేశించిన ప్రార్థనాగీత మొకటి కలదు. అందు బాలిక పాడు భాగమును జిక్కియు, పెరిగి పెద్దదైన పిమ్మట పాడు భాగమును పి. ఏ. పెరియనాయకియు పాడిరి. జిక్కి పేరును తమిళదేశమున నలుగురకు దెలిపిన పాటలలో నది యొకటి.

రాజా 1929లో చిత్తూరు జిల్లాలో జన్మించెను. చెన్నపురిలోని పచ్చయప్ప కళాశాలలో చదివి 1951లో పట్టభద్రుడయ్యెను. ఆ యేడే జెమినీ సంస్థవారి 'సంసారం' అను తమిళ చిత్రముతో నేపథ్యగానమున ప్రవేశించెను. దానికి స్వరములు కూర్చిన వారు వీణావిద్వాంసులగు ఈమని శంకరశాస్త్రిగారు. రాజా కంఠము మెత్తనిది. గొంతెత్తి సభను గెలుచుట కాక, ప్రక్కన కూర్చుండిన వానితో మాటాడినట్లు పాడుట యతని రీతి.

ఇరువురి కంఠముల పొత్తు తెలుగువారికి బాగుగా దెలిసినది 1953లో 'ప్రేమలేఖలు' వలన. అది రాజ్ కపూర్ నటించిన 'ఆహ్' అను హిందీ చిత్రమునకు తెలుగురూపము. శంకర్, జైకిషన్ కూర్చిన బాణీలకు ఆరుద్రగారు తెలుగు మాటలు వ్రాసిరి. పరభాషాచిత్రమునకు పాడుట సులభము కాదు. బాణీ మాఱదు, తెరపై కదలు పెదవులు మాఱవు. వానికి తెలుగు మాటలను సహజముగా నమర్చవలయును. ఆ పని ఈ యిరువురును ఎంత చక్కగా నెరవేర్చిరో, నేటికిని వినువారు గ్రహింపగలరు.

పిమ్మట వేఱువేఱుగా గూడ వారు కీర్తి నార్జించిరి. 1954లో 'విప్రనారాయణ' చిత్రమున అక్కినేని నాగేశ్వరరావుగారికి రాజా పాడెను. 1955లో 'మిస్సమ్మ' చిత్రమున నందమూరి తారకరామారావుగారికి పాడెను. రెండింటికిని సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. ఉద్యోగము కొఱకు భార్యాభర్తలమని చెప్పుకొను ఇద్దఱు ఉపాధ్యాయుల కథ 'మిస్సమ్మ'. అందలి నాయిక క్రైస్తవ యువతి. ఆ 1955లోనే మాస్టర్ వేణు సంగీతము కూర్చిన 'రోజులు మారాయి' చిత్రములో జిక్కి యొక ఏరువాక పాట పాడెను. కొసరాజుగారి ఆ రచన తొలకరి నాళ్లలో నేటికిని పల్లెలలో వినవచ్చును. 1957లో 'సువర్ణసుందరి' చిత్రమున ఘంటసాలగారితో గూడి ఆమె యొక రాగమాలికను పాడెను. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అను నాలుగు రాగము లొకదాని వెంట నొకటి వచ్చు నా పాటకు స్వరకర్త ఆదినారాయణరావుగారు. హిందీలో నా పాటను లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడిరి.

1958లో 'శోభ' చిత్రముతో రాజా స్వరకర్త యయ్యెను. 1959లో శ్రీధర్ దర్శకత్వమున వచ్చిన 'కల్యాణపరిసు' యను తమిళ చిత్రమునకు, 1960లో దాని తెలుగురూపమగు 'పెళ్ళికానుక'కు నతడే సంగీతము కూర్చెను. 'పెళ్ళికానుక'లో భర్త కట్టిన బాణీని భార్య పాడెను.

ఇచ్చట నాటి పాటల ముద్రణము ఎట్లుండెడిదో కొంచెము వివరించెదను. నేడు గాయకు డొకనాడు, గాయని మఱియొకనాడు వచ్చి పాడి పోవుదురు. యంత్రము రెండింటిని కలుపును. తప్పు వచ్చిన మాటను మాత్రమే మఱల పాడి అతికింప వచ్చును. నా డట్లు కాదు. గాయకులును, వాద్యకారులును ఒక్క శాలలో నుండి, పాటను మొదటినుండి తుదివఱకు ఒకేసారి పాడి వాయింపవలసి యుండెను. ఒక్కరు తప్పిన, అందఱును మొదటికి రావలయును. యుగళగీతము పాడు వా రిరువురు తమ పాటపై నెంత మనసు నిలుపుదురో, ఎదుటివారి ఊపిరిపై నంత మనసు నిలుపవలయును. ఒకరు గొంతు పెంచిన రెండవవారి మాట మునిగిపోవును. తగ్గవలసిన చోట తగ్గుట యందు విద్య కలదని రాజా, జిక్కి పాటలు విన్నవారు గ్రహింతురు.

కీర్తి యెల్లకాలము నిలువదు. 1960 తరువాత క్రొత్త కంఠములు వచ్చినవి. జనుల యభిరుచి మాఱినది. ఈ దంపతులకు చిత్రములలో నవకాశములు తగ్గినవి. అట్టి వేళ పలువురు గాయకులు నిరాశతో మౌనము వహింతురు. వీరు తమ వాద్యబృందముతో ఊరూర వేదికలపై కలసి పాడిరి. ఒకప్పుడు తెరవెనుక నుండిన ముఖములను అప్పుడు జనులు కన్నులార చూచిరి. నా దృష్టిలో వారి జీవితమున మిక్కిలి గొప్ప ఘట్ట మిదియే. పిలిచినప్పుడు పాడుట అందఱును చేయుదురు. పిలుపులు తగ్గిన పిమ్మట గూడ సాధన మానకుండుట కొందఱికే సాధ్యము.

1989 ఏప్రిల్ 8వ తేదీన, కచేరీకై ప్రయాణము చేయుచు, తిరునల్వేలి జిల్లాలోని వళ్లియూరు రైలునిలయములో జరిగిన ప్రమాదమున రాజా మరణించెను. యుగళగీతములో నొక కంఠ మట్లు ఆగిపోయెను. జిక్కి దుఃఖమును దిగమ్రింగి మఱల పాడెను. 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు' చిత్రమునను, పదియేండ్ల పిమ్మట 'మురారి'లోను ఆమె కంఠము వినబడెను. 2004 ఆగస్టు 16వ తేదీన ఆమె చెన్నపురిలో కన్నుమూసెను.

గత క్రిస్‌మసు గీతముల సాధనలో మా పాఠశాలలో నొక బాలుడును బాలికయు కలసి పాడవలసి యుండెను. ఇద్దఱును మంచి గొంతుగలవారే. కాని ఒకరిని మించి మఱియొకరు వినబడవలెనని గట్టిగా పాడుచు, వెనుక వరుసవారికి ఒక్క మాటయు తెలియకుండ జేసిరి. అప్పుడు నేను వారికి రాజా, జిక్కి పాడిన పాటను వినిపించి, 'ఇందులో నెవరు గెలిచిరో చెప్పు'డని యడిగితిని. కొంతసేపు ఊరకుండి ఆ బాలిక, 'పాట గెలిచినది, సార్' అనెను. ఆ దినమునుండి వా రిరువురు ఒకరి గొంతు నొకరు వినుచు పాడ నేర్చిరి.

విద్యార్థులారా! తలాంతుల ఉపమానమును మీ రెఱుగుదురు. లభించిన దానిని పాతిపెట్టిన వానికే నింద కలిగెను గాని, కొంచెము లభించిన వానికి కాదు. మీలో కొందఱకు గానము, కొందఱకు గణితము, కొందఱకు చేతిపని వరముగా దొరకినది. దానిని సాధనతో పెంచుడు. తోడివారితో పోటీ పడక పొత్తు పడుడు. మెప్పు తగ్గిన దినమున గూడ పని మానకుడు. తల్లిదండ్రులారా! మీ పిల్లలు పాడునప్పుడు బహుమతి వచ్చునా యని యడుగుటకు ముందు, పాట విని సంతోషింపుడు. ఏ. ఎం. రాజా, జిక్కి పాటలు ఇంటింట వినుట వలన మీ పిల్లలకు గానముతో పాటు వినయము గూడ అలవడునని నా నమ్మకము.