కొండెక్కే వీపు మీద ఏముండాలి?

ట్రెక్కింగ్ సీజన్ వచ్చిందంటే చాలు, ఒక వాట్సాప్ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. రోజూ వీపుకి తగిలించుకునే చిన్న బ్యాగు మూడు కిలోలు దాటకూడదట. నీళ్ళ సీసా, ఫోను, రెండు చాక్లెట్లు ఉంటే సరిపోతుందట. స్వెటర్లూ రెయిన్‌కోట్లూ పెద్ద బ్యాగులో కుక్కి గుర్రాలవాళ్ళకి అప్పజెప్పెయ్యాలట, నడుస్తుంటే ఒళ్ళు దానంతటదే వేడెక్కుతుంది కాబట్టి. మొదటిసారి కొండలకి వెళ్ళేవాళ్ళు దీన్ని శ్రద్ధగా చదువుతారు. చదివి, పాటిస్తారు. నా కోపమంతా అందుకే.

రెండేళ్ళ కిందట మే నెలలో, ఉత్తరాఖండ్‌లో ఒక కనుమ కింద జరిగింది చెప్తాను. పొద్దున బయల్దేరినప్పుడు ఆకాశంలో మచ్చుకి ఒక్క మబ్బు లేదు. పదకొండు దాటేసరికి గాలి లేచింది, ఆ వెనకే వానా మంచూ కలిసిన జల్లు. మా బృందంలో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడొకడు ఉన్నాడు. రోజూ జిమ్‌కి వెళ్ళేవాడు, రెండు రోజులుగా అందరికంటే ముందు నడుస్తున్నవాడు. అలాంటివాడు వెనకబడ్డాడు. "ఏమైంది తమ్ముడూ?" అంటే "ఏం లేదన్నా, బానే ఉన్నా" అన్నాడు. ఆ 'బానే' సాగింది, నాలుక మడత పడ్డట్టు. చాక్లెట్ తీసుకుందామని బ్యాగు జిప్పు పట్టుకోబోయాడు. బొటనవేలూ చూపుడువేలూ ఒకచోటికి రాలేదు. మూడుసార్లు జారింది. ఆ వేళ్ళు చూశాక నాకు కాళ్ళలో సత్తువ పోయింది.

బ్యాగు నేనే తెరిచాను. సగం నీళ్ళున్న సీసా, పవర్ బ్యాంకు, సెల్ఫీ స్టిక్కు, కళ్ళద్దాల పెట్టె. జాకెట్ గుర్రం మీద ఉంది, గుర్రం రెండు గంటల నడక దూరంలో పై క్యాంపులో ఉంది. ఒంటి మీద కాటన్ టీషర్టు తడిసి చర్మానికి అంటుకుపోయింది. ఒక బండ చాటుకి తీసుకెళ్ళి, కింద రెండు బ్యాగులు పరిచి కూర్చోబెట్టాం. తడి బట్టలు విప్పించి నా దగ్గర అదనంగా ఉన్న ఫ్లీస్ తొడిగాం, తలకి టోపీ పెట్టాం, పైన పాలిథిన్ షీటు చుట్టాం. ఒకమ్మాయి ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉంటే చక్కెర కలిపి గుక్క గుక్కగా పట్టించాం. నలభై నిమిషాలకి వాడి పళ్ళు టకటకమని కొట్టుకోవడం మొదలైంది. అప్పుడు నాకు ఊపిరాడింది. వణుకుతున్నాడంటే ఒళ్ళు చలితో ఇంకా పోట్లాడుతోందని అర్థం. చలిలో ఉన్న మనిషికి వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తుంటే భయపడాలి.

మర్నాడు టీ తాగుతూ ఆ మెసేజ్ తీసి చూపించాడు. "ఇది చూసే జాకెట్ తీసేశానన్నా."

ఆ మెసేజ్‌లో నిజం లేదని కాదు. నడిస్తే ఒళ్ళు వేడెక్కుతుంది. నడుస్తున్నంతసేపూ వేడెక్కుతుంది. మడమ బెణికి ఒకరు కూర్చుండిపోతే ఆ వేడి ఎంతసేపు? దారి తప్పి అరగంట నిలబడితే? నడిచేటప్పుడు పట్టిన చెమటే ఆగగానే చల్లబడి మనల్ని ముంచుతుంది. పైగా కొండ మీద వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు వేడి తగ్గుతుంది. కేదార్‌కంఠ ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊరు దాదాపు 1,950 మీటర్ల ఎత్తులో ఉంది, శిఖరం సుమారు 3,810 మీటర్లు. అంటే ఊళ్ళో హాయిగా ఉందనుకున్న వాతావరణం శిఖరం దగ్గర 12 డిగ్రీలు చల్లగా ఉంటుంది. గాలి లెక్క దానికి అదనం. తడి లెక్క వేరే. ఒంటి వేడిని నిశ్చలమైన గాలి కంటే నీళ్ళు దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి.

అందుకే హైపోథెర్మియాకి గడ్డకట్టే చలే అక్కర్లేదు. లోపలి ఉష్ణోగ్రత మామూలు 37 నుంచి 35 డిగ్రీలకి దిగితే చాలు, మనిషి ఆ ప్రమాదంలో పడ్డట్టే. బయట 8, 10 డిగ్రీలుండి, వాన పడి, గాలి కొడుతుంటే ఎండాకాలంలోనూ అది జరుగుతుంది. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరకాశీ జిల్లాలోని సహస్రతాల్ దారిలో 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకుంది. ఎక్కువమంది కర్ణాటక వాళ్ళు. తొమ్మిదిమంది తిరిగి రాలేదు. పోయినవాళ్ళని వేలెత్తి చూపడానికి ఇది చెప్పడం లేదు. మనకి రోళ్ళు పగిలే ఎండలు ముగిసీ ముగియని జూన్‌లో, ఆ ఎత్తున ఒక్క పూటలో ఏమవుతుందో బ్యాగు సర్దుకునేవాళ్ళకి గుర్తుండాలని చెబుతున్నాను.

ఇక ఆ మూడు కిలోల లెక్క. వంటింటి త్రాసు తీసుకుని నాతోపాటు తూచండి. పల్చటి రెయిన్ జాకెట్ 300 గ్రాములు. ఫ్లీస్ 350. ఊలు టోపీ, చేతి తొడుగులు కలిపి 150. హెడ్‌ల్యాంప్ 90. మడిచిన పాలిథిన్ షీటు 50. మొత్తం 940 గ్రాములు, లీటరు నీళ్ళ బరువు కంటే తక్కువ. వీటిని వదిలేసి బరువు తగ్గించామంటున్నవాళ్ళు వీపున మోస్తున్నదేమిటో చూడండి: ఖాళీగా ఉన్నప్పుడే కిలోన్నర తూగే, పదహారు జేబుల బ్యాగు. 22 నుంచి 28 లీటర్లు పట్టే మంచి బ్యాగులు 600, 800 గ్రాముల్లోనే దొరుకుతాయి. తేలిక కావాలంటే కోత అక్కడ పెట్టండి. తర్వాత నీళ్ళ దగ్గర. దారిలో ఊట ఎక్కడుందో ముందే గైడ్‌ని అడిగితే మూడు లీటర్లకి బదులు లీటరున్నర మోస్తే చాలు, వీపు మీద కిలోన్నర దిగిపోతుంది. ఆ తర్వాత పవర్ బ్యాంకులు. చలికి ఫోను బ్యాటరీ త్వరగా పడిపోతుంది, నిజమే. దాన్ని లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే ఒక చిన్న పవర్ బ్యాంకుతో రెండు రోజులు వెళ్ళిపోతుంది.

"గుర్రం మనతోనే వస్తుందిగా" అంటారు. రాదు. గుర్రాలూ కంచరగాడిదలూ మనకంటే ముందు క్యాంపుకి చేరిపోతాయి, చాలాచోట్ల వాటి దారే వేరు, శిఖరానికి వెళ్ళే రోజు అసలు రావు. "గైడ్ దగ్గర ఉంటుందిగా" అనేవాళ్ళకి ఒకటే చెబుతాను. గైడ్ జాకెట్ గైడ్‌ది. అతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు.

బ్యాగుకి రెయిన్ కవర్ ఉంటే లోపల తడవదన్నది రెండో పెద్ద అపోహ. కవర్ బయటివైపే కప్పుతుంది. మెడ మీద పడ్డ వాన వీపు వెంట జారి, వీపుకి ఆనిన బ్యాగు గుడ్డలోంచి లోపలికి ఇంకుతుంది. గట్టిగాలి వస్తే కవరే గాలిపటమవుతుంది. దీనికి మందు కిరాణా కొట్లో ఉంది. పెద్దసైజు నల్ల చెత్తసంచి ఒకటి కొనండి. ముందు దాన్ని బ్యాగు లోపల పరిచి, పొడిగా ఉండాల్సినవన్నీ అందులో వేసి, మూతి రెండుసార్లు మెలిపెట్టి లోపలికి మడవండి. బ్యాగు వాగులో పడినా స్వెటర్ పొడిగా వస్తుంది. నేను రెండుసార్లు చూశాను.

బరువైనవి అడుగున వెయ్యాలన్నది కూరగాయల సంచీకి వర్తించే సూత్రం. అక్కడ టమాటాలు నలగకూడదు. వీపు మీద సంగతి వేరు. బరువు అడుగునుంటే బ్యాగు వెనక్కి వేలాడుతుంది, మనం దానికి ఎదురుగా ముందుకి వంగి నడుస్తాం, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. నీళ్ళూ, తిండీ వీపుకి ఆనేలా, రెండు భుజం ఎముకల మధ్యకి రావాలి. మెత్తటివి అడుగున, వాన జాకెట్ అన్నిటికంటే పైన. ఇంకో మాట: నడుంబెల్టు బిగించుకుంటేనే క్షేమమని అన్నిచోట్లా అనుకోకండి. లోతుగా పారే వాగు దాటేటప్పుడు నడుం దగ్గరా ఛాతీ దగ్గరా ఉన్న క్లిప్పులు రెండూ విప్పేసుకోవాలి. కాలు జారితే బ్యాగు వదిలేసి మనిషి పైకి రావాలి.

ఒక నమ్మకం విషయంలో మాత్రం నేను తగ్గాల్సి వస్తోంది. "పిల్లల స్కూలు బ్యాగు చాలదా, వేలకి వేలు పోసి కొనాలా?" అని చాలామంది అడుగుతారు. చాలదని ఏళ్ళ తరబడి వాదించాను. అనంతగిరి కొండల్లో మూడు గంటల నడకకి, భువనగిరి గుట్టకి పొద్దున వెళ్ళి ఎండెక్కేలోపు దిగిరావడానికి, నిజం చెప్పాలంటే చాలు. భుజం పట్టీలు వెడల్పుగా ఉండి, కుట్లు గట్టిగా ఉంటే చాలు. ఛాతీ దగ్గర రెండు పట్టీలనీ కలుపుతూ ఒక గుడ్డపీలిక కడితే ఊగదు కూడా. లోపల ఆ నల్లసంచి ఉన్న స్కూలు బ్యాగు, సంచి లేని ఖరీదైన బ్యాగు కంటే మేలు. అయిదారు రోజుల హిమాలయాలకి మాత్రం దాన్ని తీసుకెళ్ళకండి. నాలుగైదు కిలోలు రోజుకి ఏడు గంటలు మోస్తే ఆ పట్టీలు భుజాలు కోసేస్తాయి.

మిగతావాటికి ఒక్కో వాక్యం చాలు. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరగదు, ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందంతే. చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, ఎత్తు పడక తల పగిలిపోతుంటే కిందికి దిగడమే వైద్యం. బ్రాందీ వేడి పుట్టించదు, చర్మం దగ్గరి రక్తనాళాల్ని తెరిచి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. నడిచేటప్పుడు నీళ్ళు తాగితే డొక్కలో పడుతుందన్నది గటగటా తాగేవాళ్ళ కథ, పది నిమిషాలకొక గుక్క తాగితే ఏమీ కాదు. జీన్స్ దళసరిగా ఉంటుంది కాబట్టి చలిని ఆపుతుందనుకోకండి, తడిసిందంటే ఆ రోజంతా ఆరదు.

మన దగ్గరి అడవుల్లో లెక్క తిరగబడుతుంది. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం వెళ్ళేవాళ్ళకి చలి శత్రువు కాదు, ఎండ శత్రువు. లోయలోకి దిగడం సులువుగానే ఉంటుంది, మండే బండల మీద తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. అక్కడ నీళ్ళు తగ్గించకండి. మనిషికి మూడు లీటర్లు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, తలకి తువ్వాలు. ఆ బ్యాగు మూడు కిలోలు ఇట్టే దాటుతుంది, దాటనివ్వండి. హెడ్‌ల్యాంప్ మాత్రం ఎక్కడికైనా రావాల్సిందే. ఫోను లైటు పట్టుకుంటే రాళ్ళలో దిగడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది.

తిండి సంగతికొస్తే, చాక్లెట్ బార్ల మీద అంత మోజెందుకో నాకు అర్థం కాదు. గ్రాము కొవ్వులో 9 క్యాలరీలుంటాయి, గ్రాము పిండిపదార్థంలో 4. పల్లీపట్టీ, నువ్వులుండలు రెండిటినీ కలిపి ఇచ్చేవే. పిడికెడు పల్లీలు పూట గడిపిస్తాయి. మా అమ్మ నువ్వులుండలు చిన్నవిగా, గోలీకాయంత చేసి ఇస్తుంది, చేతి తొడుగు తియ్యకుండానే నోట్లో వేసుకోవచ్చని. వాటిని బ్యాగు లోపల కాదు, ప్యాంటు జేబులో పెట్టుకోండి.

బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో ఒక పని చెయ్యండి. బ్యాగు సర్దేసి, చేతి తొడుగులు వేసుకుని, లైటు ఆర్పి, జాకెట్ బయటికి తీసి తొడుక్కోండి. జిప్పులకి రెండంగుళాల తాడుముక్క ముడివేసి ఉంచితే మొద్దుబారిన వేళ్ళకి కూడా దొరుకుతుంది. నిమిషంలోపు జాకెట్ ఒంటి మీదకి రాకపోతే అన్నీ తీసేసి మళ్ళీ సర్దండి.