ఆయాతో ఒప్పందం: మనం తేలిగ్గా తీసుకుంటున్న ఒక అమానత్

కోరుట్ల, జగిత్యాల, మెట్‌పల్లి ప్రాంతాల నుండి వెళ్లి హైదరాబాదులో స్థిరపడిన యువ దంపతులు సెలవులకు వచ్చినప్పుడు మదర్సాలో నన్ను కలుస్తుంటారు. ఒకప్పుడు వారు బిడ్డకు మంచి పేరు సూచించమనీ, అఖీఖా ఎప్పుడు చేయాలనీ అడిగేవారు. కొన్నేళ్లుగా మరొక ప్రశ్న వచ్చి చేరింది: “హజ్రత్, మన వైపు నుండి నమ్మకమైన ఆయా ఎవరైనా దొరుకుతారా?”

వారి అవసరం నిజమైనదే. నానీ ఒక ఊళ్లో, దాదీ ఒక ఊళ్లో. టోలీచౌకీలోని అద్దె ఫ్లాటులో భార్యాభర్తలు ఇద్దరే. 2017 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లల విషయంలో తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు లభిస్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం నడపాలని కూడా అదే సవరణ చెప్పింది. చిన్న స్కూలులోనో, క్లినిక్‌లోనో పనిచేసే మన ఆడపిల్లలకు ఆ రెండవ సదుపాయం అందేది అరుదు. ఆరు నెలల బిడ్డను ఎవరి ఒడిలో పెట్టి వెళ్లాలన్నది అప్పుడు ఎదురయ్యే ప్రశ్న. తల్లి ఉద్యోగం చేయాలా వద్దా అన్న చర్చలోకి నేనిక్కడ దిగడం లేదు. గల్ఫ్‌లో భర్త ఉపాధి పోయి, భార్య జీతంపైనే ఇల్లు నడుస్తున్న కుటుంబాలను నేనెరుగుదును.

రెండేళ్ల క్రితం అలా వచ్చిన ఒక జంటకు నేనే ఒక స్త్రీని చూపించాను. కొండగట్టు కింద, మల్యాల మండలంలోని ఒక పల్లె ఆమెది. నలభై ఐదేళ్లు దాటిన హిందూ స్త్రీ. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి మెడ, నడుము పట్టేయడంతో వేరే పని వెదుక్కుంటున్నది. నెల జీతం ఇంత అని మాట్లాడుకున్నాము. మిగిలినవన్నీ “ఇంటి మనిషిలా చూసుకుంటాం హజ్రత్” అన్న ఒక్క మాటతో ముగిశాయి. నేనూ అంతటితో తృప్తిపడ్డాను.

ఎనిమిది నెలలు బాగానే గడిచాయి. అంతలో ఆమె కుమార్తెకు తొలి కాన్పు రోజులు దగ్గరపడ్డాయి. మన ప్రాంతంలో తొలి కాన్పు తల్లిగారింటనే కదా జరిగేది! ఆమె ఇరవై రోజులు సెలవు అడిగింది. ఆఫీసులో పని ఒత్తిడి ఉన్నది, ఒక్క వారం ఆగమన్నారు వారు. ఆమె ఆగింది. కాన్పు ఆగలేదు. బిడ్డ పుట్టిన అయిదవ రోజున ఆమె బస్సెక్కి వచ్చింది, తిరిగి వెళ్లలేదు. మధ్యలో మానేసిందన్న కారణంతో ఆ నెలలో ఆమె పనిచేసిన పన్నెండు రోజుల జీతం నిలిచిపోయింది.

ఒకనాటి ఉదయం ఆమె మదర్సా గేటు దగ్గరికి వచ్చింది. “మౌల్‌సాబ్, వాళ్లు చెడ్డోళ్లు కారు. పిలగాడు నన్ను ఇడిసి ఉండకపోవు. గని నా బిడ్డ తొలికాన్పుకు నేను లేకపోతిని. మీ మాట మీదనే పోయిన గద” అన్నది. జీతం ఊసు తానుగా ఎత్తలేదు. నేను అడిగితేనే చెప్పింది.

ఆ మాట తరువాత నాకు కలిగిన సిగ్గుకు ఒక ప్రత్యేక కారణమున్నది. హనఫీ ఫిఖ్హ్‌లో మేము ఏటేటా బోధించే ‘హిదాయా’లో, పాలదాదిని జీతానికి కుదుర్చుకోవడం గురించి చర్చ ఉన్నది. హిజ్రీ 593లో పరమపదించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) రచన అది. ఏ అద్దె ఒప్పందంలోనైనా పని, కాలం, ప్రతిఫలం మూడూ ముందే తెలిసి ఉండాలన్నది అక్కడి మూలసూత్రం. అయితే పాలదాది విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఒక మినహాయింపు ఇచ్చారు. ఆమెకు తిండీ బట్టా పెడతామని మాత్రమే చెప్పి, ఎంత అన్నది నిర్ణయించకపోయినా ఒప్పందం చెల్లుతుందన్నారు. ఆయన శిష్యులిద్దరూ, ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ), ఇందుకు సమ్మతించలేదు. ప్రతిఫలం తెలియని ఒప్పందం వివాదానికి దారి తీస్తుందన్నది వారి వాదన.

ఇమామ్ గారి కారణం గమనించదగినది. తమ బిడ్డపై ఉన్న ప్రేమకొద్దీ ప్రజలు దాది పట్ల ధారాళంగా వ్యవహరిస్తారు, కాబట్టి ఆ అస్పష్టత తగవుకు దారితీయదు అన్నారాయన. అంటే ఆ సడలింపు యజమాని ఉదారతను ఆధారం చేసుకొని నిలిచింది. ఆ ఉదారత లేనిచోట సడలింపునకు ఆధారమేముంటుంది? “ఇంటి మనిషిలా చూసుకుంటాం” అని మనం అంటున్నది ఆ ధారాళత్వంతోనా, లేక లెక్క తప్పించుకోవడానికా? ఈ చర్చను విద్యార్థులకు ఇన్నేళ్లు చెప్పాను. నా చేతుల మీదుగా జరిగిన ఒప్పందంలో మాత్రం అది నాకు గుర్తు రాలేదు.

అదే చర్చలో మరికొన్ని సంగతులున్నాయి. బిడ్డ బట్టలు ఉతకడం, బిడ్డకు ఆహారం సిద్ధం చేయడం వంటివి ఆచారాన్ని బట్టి దాది బాధ్యత. ఆ ఆహారానికయ్యే ఖర్చు తండ్రిది. ఇక మన ఇళ్లలో బిడ్డ కోసమని పిలిచి, మూడవ రోజు నుండి గిన్నెలు, మరుసటి వారం నుండి ఇల్లు తుడవడం, అతిథులు వస్తే వంట కూడా ఆమెకే అప్పగిస్తాము. దాదికి భర్త ఉంటే అతని హక్కును యజమాని అడ్డగించరాదని కూడా ఫుఖహాలు స్పష్టం చేశారు. మనం కొనుక్కున్నది ఆమె శ్రమను, అదీ మాట్లాడుకున్న మేరకు. ఆమెపై ఆమె కుటుంబానికి ఉన్న హక్కు మనకు అమ్ముడుపోలేదు. కుమార్తె తొలి కాన్పు ఆ హక్కులోనిదే.

హజ్రత్ హలీమా సాదియా (రజి) వృత్తాంతాన్ని రబీఉల్ అవ్వల్ సభల్లో మనం ఎన్నోసార్లు విన్నాము. అందులో జీతపు ప్రస్తావన ఉన్నదని ఎంతమంది గమనించారు? కరువు సంవత్సరంలో బనూ సాద్ స్త్రీలు మక్కాకు వచ్చింది జీవనోపాధి కోసమే. తండ్రి లేని బిడ్డను పెంచితే ఎవరు ఏమిస్తారన్న సందేహంతో వారు బాల ముహమ్మద్ (స)ను తీసుకోవడానికి వెనుకాడారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ పేద స్త్రీల సందేహాన్ని తప్పుపట్టడం తేలిక. అది జీతం ఖాయం కాని ప్రతి పనిమనిషి గుండెల్లో ఉండే భయం. తరువాతి కాలంలో, దైవప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి)తో మక్కాలో నివసిస్తున్నప్పుడు, మళ్లీ కరువు వచ్చి హలీమా వచ్చారు. ఆమెకు నలభై గొర్రెలు, ఒక ఒంటె ఇచ్చి పంపారని ఇబ్ను సాద్ నమోదు చేశారు. కొన్నాళ్లు పాలిచ్చిన సువైబాకు మదీనా నుండి సైతం ఆయన (స) కానుకలు పంపేవారు. తల్లి ఆమినా మరణించాక అబ్వా నుండి ఆరేళ్ల బాలుణ్ణి మక్కాకు చేర్చిన ఉమ్ము ఐమన్ (రజి)ను తన తల్లి తరువాత తల్లిగా గౌరవించారు. ఇమామ్ గారు చెప్పిన ఆ ధారాళత్వానికి రూపం ఇదే.

దివ్యఖుర్ఆన్ ఈ పనికి ఇచ్చిన స్థానం కూడా చిన్నది కాదు. సూరా బఖరా 233వ ఆయత్ బిడ్డకు వేరొకరి చేత పాలిప్పించుకోవడంలో దోషం లేదంటూనే, ఇవ్వవలసినది ధర్మసమ్మతంగా అప్పగించాలని షరతు పెట్టింది. సూరా తలాఖ్ 6వ ఆయత్ మరింత ముందుకు వెళ్లింది. విడాకులు పొందిన తల్లి తన బిడ్డకే పాలిస్తున్నా ఆమెకు ప్రతిఫలం ఇవ్వమని తండ్రిని ఆదేశించింది. కన్నతల్లి శ్రమకే వెల ఉన్నప్పుడు పరాయి స్త్రీ శ్రమ ఉచితమెలా అవుతుంది? పనివాడితో పని పూర్తిగా చేయించుకొని జీతం ఎగవేసిన వానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు సహీహ్ బుఖారీ హదీసు తెలుపుతున్నది. ఆ పన్నెండు రోజుల జీతాన్ని నేను ఆ హదీసు ముందు పెట్టి చూసుకున్నాను.

ఎటువంటి స్త్రీని ఎంచుకోవాలన్న విషయంలో సూరా ఖసస్ చాలు. పసివాడైన మూసా (అలై) ఏ దాది పాలూ తాగనప్పుడు, ఆయన అక్క ఫిరౌను ఇంటివారికి సూచించిన కుటుంబంలో రెండు గుణాలు చెప్పింది: బిడ్డ బాధ్యత వహిస్తారు, బిడ్డ మేలు కోరుతారు. అదే సూరాలో కొంత దూరం వెళ్లాక, పనికి పెట్టుకోవడానికి బలమూ నమ్మకమూ ఉన్నవాడు ఉత్తముడన్న మాట వస్తుంది. బిడ్డ తానే నిరాకరించాడన్న అంశం కూడా మరువరాదు. కాబట్టి ఆయాను చేర్చుకోగానే ఉద్యోగానికి పరుగెత్తకుండా, తల్లి ఇంట్లో ఉండగానే పదిహేను రోజులు వారిద్దరినీ కలిపి చూడటం మంచిది. ఏజెన్సీ పంపిన మనిషి అయినా, తెలిసినవారు చెప్పిన మనిషి అయినా ఆమె ఊరు వెళ్లి ఇల్లు చూసి రావాలి. పోలీసుల హాక్‌ఐ యాప్‌లో ఇంటి పనివారి వివరాలు నమోదు చేసే వీలున్నది. ఆమెకు తెలియజేసి చేస్తే అందులో అవమానమేమీ లేదు.

ముస్లిమేతర స్త్రీని పెట్టుకోవచ్చునా అని అడుగుతుంటారు. పెట్టుకోవచ్చు. ముస్లిమేతర దాదిని కుదుర్చుకోవడంలో అభ్యంతరం లేదని ఇమామ్ సరఖ్సీ (రహ్మ) ‘మబ్సూత్’లో రాశారు. హిజ్రత్ ప్రయాణంలో దారి చూపడానికి దైవప్రవక్త (స) జీతానికి పెట్టుకున్న అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. ఆయా వయసులో ఉన్న స్త్రీ అయితే, ఇంటి నుండే పనిచేసే భర్త ఒక్కడే ఆమెతో పాటు ఇంట్లో ఉండే ఏర్పాటు తగదు. ఇది ఇద్దరి గౌరవానికీ సంబంధించినది. ఆయా బిడ్డకు తన పాలు ఇచ్చినట్లయితే విషయం మారిపోతుంది. హనఫీ మజ్‌హబ్ ప్రకారం రెండేళ్లలోపు ఒక్క గుటక చాలు, ఆమె పాలతల్లి, ఆమె పిల్లలు ఈ బిడ్డకు తోబుట్టువులు అవుతారు. వివాహ నిషేధం ఏర్పడుతుంది. షాఫయీలు అయిదుసార్లు అన్నారు. ఇవ్వడమే జరిగితే పేర్లు, ఊరు రాసి భద్రపరచాలి.

ఇంకొక దురాచారం గురించి చెప్పకపోతే తప్పవుతుంది. “బిడ్డను ఎత్తుకోవడానికి” అంటూ పేద బంధువుల ఇంటి నుండి పన్నెండేళ్ల పిల్లను హైదరాబాదుకు తీసుకుపోవడం. చదివిస్తామంటారు, బడి మొహం చూపరు. పెళ్లికి సాయం చేస్తామంటారు, జీతం ఉండదు. ఇళ్లలో 14 ఏళ్లలోపు పిల్లల చేత పని చేయించడాన్ని 2006 అక్టోబరు నుండే చట్టం నిషేధించింది. 2016 సవరణ దానిని అన్ని పనులకూ విస్తరించింది. పైగా ఒక బిడ్డను కాపాడటానికి మరొక బిడ్డను పెట్టడమేమిటి?

మన ప్రాంతపు కుటుంబాలకు గల్ఫ్ గురించి నేను చెప్పనక్కరలేదు. ఇళ్లలో పిల్లలను చూసే పనిమీద కువైట్, సౌదీ వెళ్లిన స్త్రీలు మన జిల్లాల్లోనూ ఉన్నారు. కఫీల్ సెలవు ఇవ్వలేదని, జీతం ఆపాడని, తల్లి మరణించినా పంపలేదని విన్నప్పుడు మన రక్తం ఉడుకుతుంది. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికొక సెలవు, ఏటా జీతంతో కూడిన సెలవు ఇవ్వాలన్నది. మరుసటి ఏడు కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయించారు. అది అక్కడ ఎంతవరకు అమలవుతున్నదన్నది వేరే మాట. ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన ఒడంబడికను మన దేశం ధ్రువీకరించలేదు. ఇక టోలీచౌకీ ఫ్లాటులో మనమే కఫీళ్లం. మన ఆడపడుచుల కోసం కువైటీ నుండి కోరే వారాంతపు సెలవును, మల్యాల నుండి వచ్చిన స్త్రీకి మనలో ఎందరు ఇస్తున్నారు?

నేను హైదరాబాదు వెళ్లి ఆ దంపతులను కలిశాను. భర్త తల వంచుకున్నాడు. భార్య, “హజ్రత్, ఆమెకూ ఒక బిడ్డ ఉందని ఆ వారంలో నాకు తోచనే లేదు” అని ఏడ్చింది. పన్నెండు రోజుల జీతంతో పాటు, పుట్టిన పసికందుకని మరికొంత ఇచ్చారు. నేనే తీసుకువెళ్లి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టి, జీతం వేరు, కానుక వేరు కట్టుకున్నది. తిరిగి వస్తావా అని నేను అడగలేదు.

తరువాత వారు అదే మండలం నుండి మరొక స్త్రీని పెట్టుకున్నారు. ఈసారి నేను కాగితం లేనిదే మాట్లాడనన్నాను. జీతం, అది ఇచ్చే తేదీ, ఉదయం నుండి రాత్రి వరకు ఏ పనులు ఆమెవి, ఏవి కావు, వారానికొక పూర్తి రోజు సెలవు, ఏడాదికి ఇరవై రోజులు జీతంతో ఇంటికి, కాన్పు, చావు వంటి అత్యవసరానికి వెంటనే పంపడం, ఆమె పడుకునే చోటు, జబ్బు చేస్తే వైద్యం, మానాలనుకుంటే ఇరువైపులా నెల ముందు చెప్పడం. రంజాన్‌లో సహరీ కోసం ఆమెను లేపరాదని ఇంటి ఇల్లాలు తానుగా రాయించింది. చదివి వినిపించాక ఆ స్త్రీ కొంతసేపు ఆలోచించి, “కొండగట్టు జయంతికి రెండు దినాలు సుత రాయున్రి” అన్నది. కొడుకు మాల వేస్తాడట. ఇంటి యజమాని నా వైపు చూశాడు. రాయమన్నాను. రాశాడు. రెండు ప్రతులపై ముగ్గురూ సంతకాలు చేశారు, ఒకటి ఆమె చీర కొంగులో ముడి వేసుకున్నది.