పెద్దకూర: నాలుక చెప్పేది, చెప్పనిది

నారాయణఖేడ్ పల్లెల్లో ఇంటి బర్రెలను మేపుకొని బ్రతికే కుటుంబాలున్నాయి. వట్టిపోయిన బర్రెను కోతకిస్తే ఆ కూర మన ఇళ్లకు వస్తుంది. 1977 నాటి చట్టం ప్రకారం ఆవులను, దూడలను కోయరాదు. బర్రెకైనా కోతకు తగినదన్న ధ్రువపత్రం ఉండాలి.

బర్రె మాంసం ముదురెరుపు, కొవ్వు తెలుపు. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. జిగట, పులిసిన వాసన ఉంటే వద్దు. రుచి తెలియాలంటే ఒక ముక్కను ఉప్పుతో మాత్రమే ఉడికించి నమలండి. మసాలా దట్టిస్తే ఏ కూరైనా ఒకటే! ముసలి బర్రె ముక్క గట్టిగా ఉంటుంది గాని రుచి చిక్కన. సన్నని సెగపై చాలాసేపు ఉడికితే నారలు మెత్తబడతాయి.

అయితే జబ్బును నాలుక పట్టలేదు. మాంసంలో చిన్న నీటిబుడగల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు పిల్లలు కావచ్చు, తినకండి. ఏ మాంసమైనా లోపల ఎరుపు లేకుండా ఉడకాలి.

ఇంకా పెద్ద ముప్పు దొమ్మ రోగం. బర్రె ఉన్నట్టుండి చచ్చి, ముక్కునుండి గడ్డకట్టని నెత్తురు కారితే, నష్టమైనా సరే, దాన్ని కోయవద్దు, పంచవద్దు. మామూలు వంట ఆ క్రిమి బీజాలను చంపుతుందని నమ్మలేం. పశువైద్యునికి కబురు చేయండి. అలాంటి పశువును ముట్టినవారి చేతిపై నొప్పిలేని, నడుమ నల్లబడిన పుండు లేస్తే వెంటనే ఆసుపత్రికి రండి. పశువు సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. తొలిరోజుల్లో మందులతో నయమవుతుంది.