గుండె ఆగినప్పుడు ప్రాణము నిలుపు యంత్రము

హాలియా ప్రాంతమున కొన్ని పొలములు నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితోను, కొన్ని బోరుబావుల నీటితోను పండుచున్నవి. మోటారు గలచోటనెల్ల కరెంటు గలదు. తడినేల, తడిచేయి, పైపూత ఊడిన వైరు, ఈ మూడును కలిసినచోట ప్రాణాపాయము గలదు. అట్టి సమయమున ఉపకరించు ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటరు, అనగా ఎ.ఇ.డి. యను యంత్రమును గూర్చి మన సభ్యులకు తెలుపదలచితిమి.

గుండె తనలో పుట్టు స్వల్ప విద్యుత్తుచే క్రమముగా ముడుచుకొని రక్తమును త్రోయుచుండును. కరెంటు తగిలినప్పుడుగాని, గుండెజబ్బు ముదిరినప్పుడుగాని ఆ క్రమము చెడవచ్చును. ఒకే కాడికి కట్టిన ఎడ్లు చెరియొక దిక్కునకు లాగినచో నాగలి సాగదు. అట్లే కండరములు వేర్వేరుగా అదరుచుండగా రక్తము కదలదు. ఎ.ఇ.డి. ఇచ్చు విద్యుద్ఘాతము ఆ అదురును ఒక్కసారిగా ఆపి, గుండె తన సహజక్రమమును తిరిగి పొందుటకు అవకాశ మిచ్చును. ఈ విధానముచే మనుష్యుని గుండెను తొలిసారి నిలిపినవాడు అమెరికా వైద్యుడు క్లాడ్ బెక్. అది 1947లో జరిగినది. 1965లో బెల్‌ఫాస్టు నగరమున ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అను వైద్యుడు దానిని ఆంబులెన్సులోనికి తెచ్చెను. నేటి యంత్రము గుండె గతిని తానే పరీక్షించి, అవసరమైననే ఘాతము నిచ్చును గనుక వైద్యుడు కానివాడును దానిని వాడవచ్చును.

అయితే యంత్రముకంటె ముందు చేయవలసిన పనులు గలవు. పడిపోయినవానిని తొందరపడి తాకరాదు. తాకినవాడును పడిపోవును. ముందు మెయిను ఆపవలెను. వైరు తెగి మడిలో పడియున్నచో నీటిలో అడుగిడక, 1912కు ఫోను చేసి లైను ఆపించవలెను. కరెంటు పోయినదని రూఢియైన పిమ్మటనే దగ్గరకు పోవలెను.

పిలిచినను తట్టినను పలుకక, ఊపిరి తీయకున్నచో గుండె ఆగినదని తలంపవలెను. అప్పుడప్పుడు ఎగబీల్చుట ఊపిరి కాదు. వెంటనే ఒకరు 108కి ఫోను చేయవలెను. మరియొకరు యంత్రమునకై పరుగెత్తవలెను. వేరొకరు రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 మొదలు 120 మార్లు, రెండంగుళముల లోతునకు గట్టిగా నొక్కవలెను. నొక్కుటయు లేక గడచిన ఒక్కొక్క నిమిషమునకు బ్రతుకు ఆశ నూటికి 7 మొదలు 10 వంతులు తగ్గును.

యంత్రము వచ్చినంతనే దానిని ఆన్ చేయవలెను. అది చెప్పినట్లు నడచుకొనుటయే పని. రోగి నీటిలోనున్నచో బయటికి తెచ్చి, చొక్కా తీసి, రొమ్మును పొడిగా తుడువవలెను. ఒక అంటుపట్టీని కుడి మెడయెముక క్రిందను, రెండవదానిని ఎడమ చంక క్రింద ప్రక్కటెముకలపైనను అంటింపవలెను. రొమ్ముపై మందుపట్టీ యున్నచో తీసివేయవలెను. చర్మము క్రింద పేస్‌మేకరు గడ్డవలె కనబడినచో పట్టీని దానికి ఎడముగా నుంచవలెను. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు పిల్లల పట్టీలు వాడవలెను; అవి లేనిచో పెద్దవానినే ఒకటి రొమ్ముపైనను, ఒకటి వీపుపైనను అంటింపవచ్చును.

యంత్రము పరీక్షించునప్పుడును, ఘాత మిచ్చునప్పుడును రోగిని ఎవ్వరును తాకరాదు. “అందరును తొలగుడు” అని బిగ్గరగా చెప్పి, నలుదిక్కులు చూచిన పిమ్మటనే మీట నొక్కవలెను. ఘాత మిచ్చినంతనే మరల రొమ్ము నొక్కుట మొదలిడవలెను. యంత్రము ఘాతము వలదన్నను, రోగి ఊపిరి తీయకున్నచో నొక్కుట మానరాదు. పట్టీలను ఊడదీయరాదు. రోగి కదలువరకుగాని, 108 సిబ్బంది వచ్చువరకుగాని ఈ పని సాగవలెను. అలసినచో చేయి మార్చుకొనవలెను.

108 సేవ 2005లో హైదరాబాదున ఆరంభమైనది. 2023లో తెలంగాణ ప్రభుత్వము రొమ్ము నొక్కు విధానమున శిక్షణ మొదలిడెను. అయినను బండి పొలముగట్టునకు వచ్చులోపలి నిమిషములు ప్రక్కచేని రైతు చేతిలోనివే. సంఘములు తమ గిడ్డంగులయందు ఇట్టి యంత్రము నొకదాని నుంచుకొనుట మేలు. దానికి తాళము వేయరాదు. బ్యాటరీ, పట్టీల గడువు నెలనెలా చూడవలెను. అంతకుముందే ప్రతి యింటినుండి ఒక్కరైనను రొమ్ము నొక్కుట నేర్చియుండవలెను. యంత్రము కొనుటకు ధనము కావలెను. ఇది నేర్చుటకు ఒక్క పూట చాలును.