చంబల్ ఒడ్డున 1857 జ్ఞాపకం: హోటల్‌గా మారిన కోటా రెసిడెన్సీ, దాని దెయ్యం కథ

రాజస్థాన్‌లోని కోటా పేరు వినగానే తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి ఐఐటీ శిక్షణ కేంద్రాలో, ఇళ్లలో పరిచే కోటా రాయో గుర్తుకొస్తాయి. అదే నగరంలో చంబల్ నది ఒడ్డున ఉన్న బ్రిజ్‌రాజ్ భవన్ ప్రసిద్ధికి మాత్రం కారణం వేరు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అయిన ఈ భవనం నేడు వారసత్వ హోటల్. రాత్రివేళ ఇక్కడ ఒక తెల్లదొర ఆత్మ సంచరిస్తుందన్న కథ దశాబ్దాలుగా వినిపిస్తోంది.

సాధారణంగా దెయ్యాల కథల్లోని వ్యక్తులకు పేరూ ఊరూ ఉండవు. ఈ కథలోని వ్యక్తి మాత్రం చరిత్రకు బాగా తెలిసినవాడు. ఆయన మేజర్ చార్లెస్ బర్టన్. 1857 అక్టోబరు 15న ఈ భవనంలోనే హతుడయ్యాడు.

ఆనాడు జరిగినది

కోటా సంస్థానం 1817లో ఈస్టిండియా కంపెనీతో ఒడంబడిక చేసుకుంది. పాలకుడు సింహాసనంపైనే కొనసాగినా, దర్బారులో కంపెనీ ప్రతినిధి మాటకు తిరుగుండేది కాదు. ఆ ప్రతినిధి కోసం 1830లలో నది ఒడ్డున ఈ నివాసాన్ని నిర్మించారు.

1857 తిరుగుబాటు మొదలైనప్పుడు పొలిటికల్ ఏజెంటుగా ఉన్న బర్టన్, కోటా సేనలతో నీమచ్ వెళ్లాడు. భార్యను అక్కడే ఉంచి, ఇద్దరు కుమారులతో అక్టోబరులో కోటాకు తిరిగి వచ్చాడు. అసంతృప్తితో ఉన్న సైనికాధికారులపై చర్య తీసుకోవాలని మహారావు రాంసింగ్‌కు ఆయన సూచించాడనీ, ఆ సంగతి సైన్యానికి తెలిసిపోయిందనీ చరిత్రకారులు చెబుతారు.

కొద్ది రోజులకే సంస్థాన సేనలు రెసిడెన్సీని ముట్టడించాయి. కాపలాదారులు, నౌకర్లలో దాదాపు అందరూ పారిపోయారు. బర్టన్, ఆయన కుమారులు మేడపైకి చేరి కొన్ని గంటలపాటు ప్రతిఘటించి, చివరకు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత నగరం తిరుగుబాటుదారుల వశమైంది. మహారావు తన కోటలోనే దాదాపు బందీ అయ్యాడు. 1858 మార్చిలో జనరల్ రాబర్ట్స్ సేన కోటాను తిరిగి స్వాధీనం చేసుకుంది. ఏజెంటును కాపాడే ప్రయత్నం చేయలేదన్న ఆగ్రహంతో బ్రిటిష్ ప్రభుత్వం మహారావుకు ఇచ్చే తుపాకి వందనాలను 17 నుంచి 13కు తగ్గించింది.

కాపలాదారులపై కోపం

ప్రచారంలో ఉన్న కథ ప్రకారం ఈ దెయ్యం అతిథులకు ఏ హానీ చేయదు. దాని కోపమంతా రాత్రి కాపలాదారుల మీదే. విధుల్లో కునుకు తీసేవారికి, పొగ తాగేవారికి చీకట్లోంచి చెంపదెబ్బ తగులుతుందనీ, ఇంగ్లిషులో మందలింపు వినిపిస్తుందనీ చెబుతారు. చేతికర్ర పట్టుకున్న వృద్ధుడి ఆకారం రాజకుటుంబంలోని వారికి సైతం కనిపించిందన్న మాట కూడా ఉంది.

వీటిలో దేనికీ శాస్త్రీయ ఆధారం లేదు. అయితే ఈ కల్పన ఊరికే పుట్టినట్లు కనిపించదు. ముట్టడి రోజున కాపలాదారులు బర్టన్‌ను విడిచి వెళ్లిపోయారు. కథలోని ఆత్మ ఇప్పటికీ కాపలాదారులనే పరీక్షిస్తోంది. చరిత్రలోని ఒక నిజమైన ఘటన ఇలా జానపద రూపంలో మిగిలిపోయింది.

రాజసౌధం నుంచి హోటల్ దాకా

1948లో కోటా రాజస్థాన్ సమాఖ్యలో విలీనమైంది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు రద్దయ్యాయి. విశాలమైన సౌధాల నిర్వహణ పెనుభారం కావడంతో రాజస్థాన్‌లో అనేక కోటలు, రాజభవనాలు హోటళ్లుగా మారాయి. అటువంటి చోట్ల పాత తైలవర్ణ చిత్రాలు, వేట చిహ్నాలతోపాటు దెయ్యం కథ కూడా పర్యాటక ఆకర్షణే.

కథలో చోటు దక్కనివారు

ఈ కథ 1857ను ఒక వైపు నుంచే గుర్తుచేస్తుంది. కోటాలో తిరుగుబాటుకు నాయకత్వం వహించినవారు దర్బారు వకీలుగా పనిచేసిన లాలా జయదయాళ్, సైన్యంలో రిసాల్దారు మెహరాబ్ ఖాన్. సుమారు ఐదు నెలలపాటు నగరాన్ని తమ అధీనంలో ఉంచుకున్న ఈ ఇద్దరినీ బ్రిటిష్‌వారు తర్వాత పట్టుకొని 1860లో కోటాలోనే ఉరితీశారు. వారి ఆత్మలు తిరుగుతున్నాయని హోటల్ కథల్లో ఎవరూ చెప్పరు.

హైదరాబాద్‌కూ ఇటువంటి జ్ఞాపకమే ఉంది. కోటా ఘటనకు మూడు నెలల ముందు, 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి జరిగింది. తుర్రేబాజ్ ఖాన్ తర్వాత హతుడయ్యాడు, అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆ రెసిడెన్సీ అనంతర కాలంలో మహిళా కళాశాల అయింది. ఆనాటి పోరాటయోధుల స్మారక స్తూపం కోఠీలో ఉంది.

బ్రిజ్‌రాజ్ భవన్‌లో బస చేసే అతిథి బర్టన్ కథ తప్పక వింటాడు. జయదయాళ్, మెహరాబ్ ఖాన్‌ల గురించి మాత్రం తానే అడిగి తెలుసుకోవాలి. ఒక మరణం కథగా నిలిచిన చోట మిగిలిన మరణాలనూ గుర్తుచేసుకుంటేనే, ఆ గోడలు చూసిన చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.